లినక్స్ కెర్నల్ మేక్ టార్గెట్లు: వాడకం, డాక్యుమెంటేషన్ – తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఇంజనీరింగ్ చదువుతూ కెర్నల్ సోర్సు మొదటిసారి దించుకున్నవాళ్ళకీ, రొయ్యల చెరువుల దగ్గర చిన్న లినక్స్ బోర్డులు పెట్టి సెన్సర్లు నడిపేవాళ్ళకీ, మేక్ టార్గెట్ల మీద డాక్యుమెంటేషన్ రాద్దామనుకునేవాళ్ళకీ ఈ పేజీ. వాడకాన్నీ రాతనూ ఒకేచోట పెట్టడానికి కారణం ఉంది. ఒక టార్గెట్ ఏం చేస్తుందో చెప్పడం తేలిక. అది ఏ ఫైలు చదువుతుంది, ఎక్కడ రాస్తుంది, ఏం చెరిపేస్తుంది, దేన్ని ముట్టుకోదు అన్నవి చెప్పకపోతే చదివినవాళ్ళు మళ్ళీ వచ్చి అడగాల్సిందే.

## ఈ పేజీలో ఆదేశాలను ఎలా చదవాలి?

అన్నీ తెలుగు లిపిలోనే రాశాం. టెర్మినల్లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి. టార్గెట్ల పేర్లు దాదాపు అన్నీ చిన్న అక్షరాలు; 'బీజెడ్‌ఇమేజ్', 'ఇమేజ్' అనేవాటిలో 'ఐ' ఒక్కటి పెద్దది. సమానం గుర్తుకు ఎడమవైపు వచ్చేవి (ఓ, ఎం, వీ, ఆర్చ్, క్రాస్_కంపైల్, ఇన్‌స్టాల్_మాడ్_పాత్) పూర్తిగా పెద్ద అక్షరాలు. చుక్క, అండర్‌స్కోర్, డాష్ ఎక్కడ ఉంటే అక్కడ అలాగే కొట్టాలి.

## టార్గెట్లు రెండు రకాలంటారు, తేడా ఏమిటి?

'మేక్' అనే ఆదేశం తర్వాత, ఏం చేయాలో చెబుతూ రాసే పేరే టార్గెట్. కొన్ని టార్గెట్లు నిజంగా ఒక ఫైలు పేరే. 'మేక్ వీఎంలినక్స్' అంటే వీఎంలినక్స్ అనే ఫైలు తయారవుతుంది. 'క్లీన్', 'హెల్ప్', 'డెఫ్‌కాన్ఫిగ్' లాంటివి ఫైళ్ళు కావు, ఒక పనికి పెట్టిన పేర్లు. వీటిని ఫోనీ టార్గెట్లు అంటారు. ఇవి ఎప్పుడు పిలిచినా నడుస్తాయి. ఫైలు టార్గెట్ మాత్రం తన మీద ఆధారపడ్డవాటిలో ఏదైనా మారితేనే మళ్ళీ తయారవుతుంది.

ఒక్క ఫైలును కూడా టార్గెట్‌గా ఇవ్వొచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే అట్లాస్ సెన్సర్ల డ్రైవర్ కెర్నల్లోనే ఉంది. దాన్ని మాత్రమే కంపైల్ చేసి చూడాలంటే:

మేక్ డ్రైవర్స్/ఐఐఓ/కెమికల్/అట్లాస్-సెన్సర్.ఓ

చివర '.ఓ' బదులు '.ఐ' పెడితే ప్రీప్రాసెసర్ విప్పిన సోర్సు వస్తుంది, '.ఎస్' పెడితే అసెంబ్లీ వస్తుంది, '.కేఓ' పెడితే లింక్ అయిన మాడ్యూల్ (కావలసినప్పుడు కెర్నల్లోకి ఎక్కించే ముక్క) వస్తుంది. మాక్రో ఎలా విచ్చుకుంటుందో అర్థంకాక తల పట్టుకున్నప్పుడు '.ఐ' టార్గెట్‌కు మించిన సాధనం లేదు.

## ఏయే టార్గెట్లు ఉన్నాయో ఎక్కడ చూడాలి?

సోర్సు ఫోల్డర్లోకి వెళ్ళి 'మేక్ హెల్ప్' కొట్టండి. పేరు ముందు నక్షత్రం గుర్తు ఉన్నవి ఉత్త 'మేక్' అన్నప్పుడు తయారయ్యేవి. జాబితా చివర్లో మీ ప్రాసెసర్‌కు సంబంధించిన టార్గెట్లు ఉంటాయి, అవి ఆర్కిటెక్చర్‌ను బట్టి మారతాయి. 'మేక్ ఆర్చ్=ఆర్మ్64 హెల్ప్' కొట్టి చూస్తే బీజెడ్‌ఇమేజ్ కనిపించదు, ఇమేజ్, ఇమేజ్.జీజెడ్ కనిపిస్తాయి. వివరంగా చదవాలంటే సోర్సులోనే డాక్యుమెంటేషన్/కేబిల్డ్ ఫోల్డర్ ఉంది.

ఇంటర్నెట్‌లో దొరికే పాత పాఠాలకంటే ఈ జాబితానే నమ్మండి. 'మేక్ డెప్' 2.4 కాలం నాటిది, 2.6 నుంచి దాని అవసరమే లేదు. 'సైలెంట్‌ఓల్డ్‌కాన్ఫిగ్' పేరు తర్వాత 'సింక్‌కాన్ఫిగ్'గా మారింది. బయటి (కెర్నల్ సోర్సులో లేని) మాడ్యూళ్ళకు 'సబ్‌డిర్స్=' వాడే పద్ధతి తీసేశారు, ఇప్పుడు 'ఎం=' ఒక్కటే.

## మొదలుపెట్టే ముందు ఏమేం ఇన్‌స్టాల్ చేయాలి?

ఉబుంటు, డెబియన్‌లలో బిల్డ్-ఎసెన్షియల్, ఫ్లెక్స్, బైసన్, బీసీ, లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, లిబ్‌ఎల్ఫ్-డెవ్, డ్వార్వ్స్. ఏది లేకపోతే ఎక్కడ ఆగుతుందో తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది. ఫ్లెక్స్, బైసన్ లేకపోతే మొట్టమొదటి కాన్ఫిగ్ టార్గెట్ దగ్గరే ఆగుతుంది. ఎన్‌కర్సెస్ లేకపోతే మెనూకాన్ఫిగ్, ఎన్‌కాన్ఫిగ్ (తెర మీద మెనూలో ఆప్షన్లు ఎంచుకునే టార్గెట్లు) మాత్రమే రావు, మిగతావి నడుస్తాయి. లిబ్‌ఎల్ఫ్ లేకపోతే ఆబ్జ్‌టూల్ (ఆబ్జెక్టు ఫైళ్ళను పరిశీలించే ప్రోగ్రాము) దగ్గర, ఎస్‌ఎస్‌ఎల్ లేకపోతే సర్టిఫికెట్ల దగ్గర ఆగుతుంది. అన్నిటికంటే బాధపెట్టేది డ్వార్వ్స్. అందులోని పాహోల్ ప్రోగ్రాము లేకుండా బీటీఎఫ్ (టైపుల డీబగ్ సమాచారం) ఆప్షన్ ఆన్‌లో ఉంటే, పాత కెర్నళ్ళలో మొత్తం కంపైల్ అయ్యాక, ఆఖరి లింకు దగ్గర పడిపోయే అవకాశం ఉంది.

కంపైలర్ ఎంత కొత్తది కావాలో డాక్యుమెంటేషన్/ప్రాసెస్/చేంజెస్ ఫైల్లో ఉంటుంది. 6.16 నుంచి జీసీసీ కనీసం 8.1 ఉండాలి. డిస్కులో 30 జీబీ ఖాళీ పెట్టుకుంటే డిస్ట్రిబ్యూషన్ కాన్ఫిగ్‌తో కట్టినా ఊపిరాడుతుంది. నెట్ డేటా తక్కువగా ఉంటే మొత్తం గిట్ చరిత్ర దించకుండా '--డెప్త్ 1'తో క్లోన్ చేయండి, లేదా టార్ ఫైలు దించుకోండి.

సోర్సు పెట్టే ఫోల్డర్ దారిలో ఎక్కడా ఖాళీ గానీ కోలన్ గానీ ఉండకూడదు. 'న్యూ ఫోల్డర్' అనే పేరుతో డెస్క్‌టాప్ మీద పెడితే మేక్ మొదట్లోనే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ వాడేవాళ్ళు సీ డ్రైవులో పెట్టకండి. నెట్‌ఫిల్టర్ హెడర్లలో ఎక్స్‌టీ_కాన్‌మార్క్ పేరుతో పెద్ద అక్షరాల ఫైలొకటి, చిన్న అక్షరాల ఫైలొకటి ఉన్నాయి. పెద్దా చిన్నా తేడా చూడని డిస్కు మీద ఒకదాన్ని ఇంకోటి తినేస్తుంది.

## ఇన్ని కాన్ఫిగ్ టార్గెట్లు ఎందుకు? నాకు ఏది కావాలి?

దాదాపు అన్నీ రాసేది ఒకే ఫైలు: .కాన్ఫిగ్. కెర్నల్లో ఏ ఆప్షన్ ఉండాలో, ఏది వద్దో అందులో ఉంటుంది. మొదలయ్యే చోటే వేరు.

డెఫ్‌కాన్ఫిగ్ మీ మెషీన్ వైపు చూడదు. ఆ ఆర్కిటెక్చర్ కోసం సోర్సులో ఉన్న సిద్ధమైన జాబితాను తీసుకుంటుంది. .కాన్ఫిగ్ అంతకుముందే ఉంటే దాన్ని తుడిచి పైన రాస్తుంది.

ఓల్డ్‌కాన్ఫిగ్, ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ రెండూ ఉన్న .కాన్ఫిగ్‌ను కొత్త కెర్నల్‌కు సరిచేస్తాయి. మొదటిది కొత్త ఆప్షన్ వచ్చినప్పుడల్లా అడుగుతుంది, రెండోది అడగకుండా డిఫాల్ట్ పెట్టేస్తుంది. రెండు మూడు వెర్షన్లు దాటి వస్తే ఓల్డ్‌కాన్ఫిగ్ ప్రశ్నలు వందల్లో ఉంటాయి. ముందు 'మేక్ లిస్ట్‌న్యూకాన్ఫిగ్' కొట్టి కొత్తవి ఏవో చూసుకుని, పట్టించుకోవాల్సినవి లేకపోతే ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ వాడటం మంచిది.

లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ మన దగ్గర ఎక్కువమందికి పనికొచ్చేది, ఎక్కువమందిని దెబ్బతీసేది కూడా. ఆ క్షణంలో మెషీన్లో లోడై ఉన్న మాడ్యూళ్ళను చూసి, మిగతావన్నీ ఆఫ్ చేస్తుంది. గంటల పని చాలా తగ్గుతుంది. కానీ ఆ క్షణంలో గుచ్చి లేనిది దాని లెక్కలో లేనట్టే. ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ మీదే నెట్ నడిపే ఇళ్ళు ఎన్నో. ఫోన్ గుచ్చకుండా ఈ టార్గెట్ నడిపితే కొత్త కెర్నల్లో ఆర్‌ఎన్‌డీఐఎస్_హోస్ట్ మాడ్యూల్ ఉండదు, బూట్ అయ్యాక నెట్ రాదు, ఏం తప్పయిందో వెతకడానికీ నెట్ ఉండదు. కాబట్టి ముందుగా ఫోన్ గుచ్చి టెథరింగ్ ఆన్ చేయండి, పెన్‌డ్రైవ్ పెట్టి మౌంట్ చేయండి, ప్రింటర్, బ్లూటూత్, ప్రొజెక్టర్ కేబుల్ ఏవి వాడతారో అన్నీ ఒకసారి తగిలించండి. ఆ తర్వాతే నడపండి. కొన్ని ఫోల్డర్లను అసలు ముట్టుకోవద్దని చెప్పాలంటే:

మేక్ ఎల్ఎంసీ_కీప్="డ్రైవర్స్/యూఎస్‌బీ:ఎఫ్ఎస్" లోకల్‌మాడ్‌కాన్ఫిగ్

వేరే మెషీన్ కోసం కట్టాలంటే ఆ మెషీన్లో ఎల్‌ఎస్‌మాడ్ (లోడైన మాడ్యూళ్ళ జాబితా చూపే ఆదేశం) అవుట్‌పుట్‌ను ఫైలుగా దాచి తెచ్చి 'ఎల్‌ఎస్‌మాడ్=ఫైలుపేరు' అని ఇవ్వొచ్చు.

సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్ మీ .కాన్ఫిగ్‌లో డిఫాల్ట్‌కు భిన్నంగా ఉన్న లైన్లు మాత్రమే తీసి 'డెఫ్‌కాన్ఫిగ్' అనే చిన్న ఫైలుగా ఇస్తుంది. ప్రాజెక్టు రిపోర్టులో వేల లైన్ల .కాన్ఫిగ్ అంటించే బదులు ఇది పెట్టండి. చదివేవాళ్ళకు మీరేం మార్చారో ఒక్క చూపులో తెలుస్తుంది.

## క్లీన్, ఎంఆర్‌ప్రాపర్, డిస్ట్‌క్లీన్: ఏది ఎంత చెరుపుతుంది?

క్లీన్ తయారైన ఆబ్జెక్టులను తీసేస్తుంది. .కాన్ఫిగ్ ఉంటుంది, బయటి మాడ్యూళ్ళు కట్టడానికి కావలసిన సరంజామా కూడా ఉంటుంది.

ఎంఆర్‌ప్రాపర్ వాటితోపాటు .కాన్ఫిగ్‌ను, దాని పాత కాపీని కూడా తీసేస్తుంది. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. సర్ట్స్ ఫోల్డర్లో మాడ్యూళ్ళ మీద సంతకం చేయడానికి తయారైన సైనింగ్_కీ.పెమ్ కూడా పోతుంది. తర్వాతి బిల్డ్‌లో కొత్త తాళంచెవి పుడుతుంది. సంతకం తప్పనిసరి చేసిన పాత కెర్నల్ ఇంకా నడుస్తుంటే, కొత్త తాళంచెవితో సంతకం చేసిన మాడ్యూల్‌ను అది ఒప్పుకోదు. దాచుకోవాల్సినవి రెండు: .కాన్ఫిగ్, ఆ తాళంచెవి. రెండూ సోర్సు ఫోల్డర్ బయట ఉంచండి.

డిస్ట్‌క్లీన్ ఇంకొంచెం ముందుకెళ్ళి ఎడిటర్ బ్యాకప్‌లు, ప్యాచ్ వదిలిన '.ఆరిగ్', '.రెజ్' ఫైళ్ళు కూడా ఊడ్చేస్తుంది. సగం అతికిన ప్యాచ్‌ను చేత్తో సరిచేస్తున్నప్పుడు ఇది కొడితే ఏ ముక్క అతకలేదో చెప్పే ఆధారమే పోతుంది. రోజువారీ పనికి క్లీన్ చాలు, నిజానికి అది కూడా తరచుగా అక్కర్లేదు. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ క్లీన్ కొట్టే అలవాటు వల్ల పోయేది టైమే.

## 'ఓ=' అంటే ఏమిటి? ఎందుకు వాడాలి?

తయారైన ఫైళ్ళన్నీ సోర్సులో కలవకుండా వేరే ఫోల్డర్లోకి పంపే ఏర్పాటు. ల్యాప్‌టాప్‌కు ఒకటి, బోర్డుకు ఒకటి కడుతున్నప్పుడు ఒకే సోర్సు మీద రెండు ఫోల్డర్లు నడపొచ్చు:

మేక్ ఓ=../బిల్డ్-పీసీ డెఫ్‌కాన్ఫిగ్
మేక్ ఓ=../బిల్డ్-చెరువు ఆర్చ్=ఆర్మ్64 డెఫ్‌కాన్ఫిగ్

ఒకసారి మొదలుపెట్టాక ప్రతి ఆదేశంలోనూ అదే 'ఓ=' ఉండాలి. అంతకుముందు సోర్సులోనే బిల్డ్ చేసి ఉంటే 'సోర్సు శుభ్రంగా లేదు, ఎంఆర్‌ప్రాపర్ నడపండి' అన్న ఎర్రర్ వస్తుంది. అది చెప్పినట్టు చేయాల్సిందే, కానీ పైన చెప్పిన రెండు ఫైళ్ళూ దాచుకున్నాకే.

## వీఎంలినక్స్, బీజెడ్‌ఇమేజ్, ఇమేజ్: వీటిలో బూట్ అయ్యేది ఏది?

వీఎంలినక్స్ అసలు ఈఎల్‌ఎఫ్ ఫైలు, డీబగ్గర్‌కు పనికొస్తుంది. పీసీలో బూట్ అయ్యేది బీజెడ్‌ఇమేజ్, 64 బిట్ ఆర్మ్ బోర్డులో ఇమేజ్. తయారైన ఫైలు ఎక్కడుందో మర్చిపోతే 'మేక్ -ఎస్ ఇమేజ్_నేమ్' దారి చెబుతుంది.

## మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ ముందా, ఇన్‌స్టాల్ ముందా?

మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ ముందు. కారణం ఇది: డెబియన్, ఉబుంటులలో 'మేక్ ఇన్‌స్టాల్' కెర్నల్‌ను బూట్ ఫోల్డర్లోకి కాపీ చేసి, వెంటనే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) తయారుచేయించి, గ్రబ్ మెనూ మార్పిస్తుంది. ఆ సమయానికి మాడ్యూళ్ళు లిబ్/మాడ్యూల్స్ కింద లేకపోతే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ వాటిని మోసుకెళ్ళదు. డిస్కు డ్రైవర్ మాడ్యూల్‌గా ఉంటే రూట్ పార్టిషన్ దొరకక బూట్ ఆగిపోతుంది.

ఈ రెండు టార్గెట్లూ ఏదీ కంపైల్ చేయవు. ముందు మామూలు యూజర్‌గా 'మేక్' పూర్తిచేసి, వీటికి మాత్రమే సుడో వాడండి. మొత్తం బిల్డ్‌నే సుడోతో చేస్తే ఫైళ్ళన్నీ రూట్ పేరున పడి, తర్వాత మామూలు మేక్ 'పర్మిషన్ డినైడ్' అంటుంది.

బూట్ పార్టిషన్ నిండిపోయిందంటే డీబగ్ సమాచారం తీయని మాడ్యూళ్ళే సాధారణంగా కారణం. 'ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1' ఇచ్చి మాడ్యూల్స్_ఇన్‌స్టాల్, దాని తర్వాత ఇన్‌స్టాల్ మళ్ళీ నడపండి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ బాగా చిన్నదవుతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లో మీరు కట్టిన కెర్నల్ సంతకం లేకుండా బూట్ కాదు, అది టార్గెట్ తప్పు కాదు.

కాలేజీ ల్యాబులో పదిహేను మెషీన్లు ఉంటే ఒక్కోదాంట్లో కట్టొద్దు. 'మేక్ బిన్‌డెబ్-పీకేజీ' ఒకచోట నడిపితే సోర్సుకు పైఫోల్డర్లో .డెబ్ ప్యాకేజీలు వస్తాయి, వాటిని పంచండి. దీనికి డెబ్‌హెల్పర్, ఆర్‌సింక్ కావాలి.

## చెరువు దగ్గరి బోర్డు కోసం ల్యాప్‌టాప్‌లో ఎలా కట్టాలి?

ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువు గట్టు మీద రాస్ప్‌బెర్రీ పై 4 పెట్టి, ఆక్సిజన్ సెన్సర్‌ను ఐ2సీ మీద తగిలించారనుకుందాం. ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ డ్రైవర్ లోడ్ కాలేదంటే ఏరేటర్ వేయాలన్న కబురు రాదు. కాబట్టి ఇక్కడ ఒక్కో మెట్టూ చూసుకుని దిగండి.

ముందు క్రాస్ కంపైలర్ ప్యాకేజీ: జీసీసీ-ఏఆర్చ్64-లినక్స్-గ్నూ. తర్వాత:

మేక్ ఆర్చ్=ఆర్మ్64 క్రాస్_కంపైల్=ఏఆర్చ్64-లినక్స్-గ్నూ- డెఫ్‌కాన్ఫిగ్

క్రాస్_కంపైల్ విలువ చివర డాష్ తప్పనిసరి. అట్లాస్ డ్రైవర్ కోసం మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ నొక్కి ATLAS అనే మాటకు వెతికితే ఆప్షన్ ఎక్కడుందో, ఏవి ఆన్ చేస్తే కనిపిస్తుందో చూపిస్తుంది. దాని పేరు అట్లాస్_పీహెచ్_సెన్సర్. పేరులో పీహెచ్ ఉన్నా కరిగిన ఆక్సిజన్ సెన్సర్‌ను కూడా నడిపేది అదే. దాన్ని 'ఎం'గా పెట్టండి. తర్వాత అదే ఆర్చ్, క్రాస్_కంపైల్‌తో 'ఇమేజ్ మాడ్యూల్స్ డీటీబీఎస్' అని మూడు టార్గెట్లూ ఒకే ఆదేశంలో ఇవ్వొచ్చు. డీటీబీఎస్ తయారుచేసేది బోర్డు హార్డ్‌వేర్‌ను వివరించే ఫైళ్ళు.

ఇక్కడ రెండు గోతులున్నాయి. మొదటిది: మధ్యలో ఒక్కసారి ఆర్చ్ మర్చిపోయి ఉత్త 'మేక్ మెనూకాన్ఫిగ్' కొట్టి సేవ్ చేస్తే, .కాన్ఫిగ్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు మారిపోతుంది. ఆర్మ్ ఆప్షన్లన్నీ మాయం. ఎర్రర్ ఏదీ రాదు. అందుకే బోర్డు బిల్డ్‌కు 'ఓ=' ఫోల్డర్ వేరుగా పెట్టి, ఆదేశాన్ని చిన్న షెల్ స్క్రిప్టులో రాసుకోమంటాం.

రెండోది మరీ ప్రమాదం. మాడ్యూళ్ళను ఎస్‌డీ కార్డు మీదికి ఇలా పంపాలి:

సుడో మేక్ ఆర్చ్=ఆర్మ్64 క్రాస్_కంపైల్=ఏఆర్చ్64-లినక్స్-గ్నూ- ఇన్‌స్టాల్_మాడ్_పాత్=/ఎంఎన్‌టీ/కార్డ్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్

ఈ విలువలను ముందే 'ఎక్స్‌పోర్ట్' చేసి, తర్వాత ఉత్త 'సుడో మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్' కొడితే సుడో ఆ ఎక్స్‌పోర్ట్‌లను పక్కన పడేస్తుంది. బోర్డు మాడ్యూళ్ళు మీ ల్యాప్‌టాప్ లిబ్/మాడ్యూల్స్‌లో పడతాయి, కార్డు ఖాళీగా ఉంటుంది. సుడో వాడినప్పుడు విలువలన్నీ 'మేక్' అనే మాట తర్వాతే రాయండి.

## బయటి మాడ్యూల్ కట్టాను, 'ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్' అంటోంది. ఎందుకు?

కెర్నల్ సందేశాలు చూపే 'డీమెస్‌జీ' ఆదేశం కొట్టి చూడండి. వర్షన్ మ్యాజిక్ ఇది ఉంది, అది ఉండాలి అని రెండు పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. నడుస్తున్న కెర్నల్ పేరూ, మీరు కట్టిన సోర్సు పేరూ కలవలేదన్నమాట. 'మేక్ -ఎస్ కెర్నల్‌రిలీజ్' ఇచ్చేదీ, 'యూనేమ్ -ఆర్' ఇచ్చేదీ అక్షరం తేడా లేకుండా ఉండాలి. గిట్ సోర్సులో ట్యాగ్ మీద కాకుండా దాటి ఉంటే చివర కూడిక గుర్తు చేరవచ్చు, ఆ ఒక్క గుర్తు చాలు మాడ్యూల్ తిరస్కరణకు గురికావడానికి. కెర్నల్‌వర్షన్ అనేది వేరే టార్గెట్, అందులో మీరు పెట్టుకున్న లోకల్‌వర్షన్ ముక్క ఉండదు, కాబట్టి ఈ పోలికకు పనికిరాదు.

## బిల్డ్ మధ్యలో కరెంటు పోయింది. మొదటినుంచి కట్టాలా?

అక్కర్లేదు. కేబిల్డ్ (కెర్నల్ బిల్డ్ వ్యవస్థ) ప్రతి ఆబ్జెక్టు పక్కన చుక్కతో మొదలై '.సీఎండీ'తో ముగిసే ఫైలు పెట్టి, ఏ ఆదేశంతో తయారైందో రాసుకుంటుంది. మళ్ళీ 'మేక్' కొడితే మిగిలినవే కడుతుంది.

తుపాను రోజుల్లోలాగా కరెంటు ఒక్కసారిగా పోయి మెషీనే ఆగిపోతే మాత్రం, డిస్కుకు చేరని ఫైళ్ళు సున్నా సైజుతో మిగిలిపోవచ్చు. వాటి తేదీ కొత్తదే కనుక మేక్ వాటిని సరైనవే అనుకుంటుంది. లింకు దగ్గర 'ఫైల్ ఫార్మాట్ నాట్ రికగ్నైజ్డ్' అని వస్తే ఇదే. క్లీన్ కొట్టకండి, ఖాళీ ఫైళ్ళను మాత్రం ఏరేయండి:

ఫైండ్ . -నేమ్ '*.ఓ' -సైజ్ 0 -డిలీట్

తర్వాత మేక్ కొడితే అవి మాత్రమే మళ్ళీ తయారవుతాయి.

## '-జె' ఎంత ఇవ్వాలి?

కోర్లు ఎన్నో అంత అని అందరూ చెబుతారు. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అలా ఇస్తే కంపైలరో, లింకరో, పాహోలో 'కిల్డ్' అని ఆగిపోవచ్చు. డీమెస్‌జీలో 'అవుట్ ఆఫ్ మెమరీ' కనిపిస్తే '-జె2'కు దిగండి, డీబగ్ సమాచారం ఆఫ్ చేయండి. మే నెలలో నెల్లూరు, ఒంగోలు ఎండలకు ల్యాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పుడు కోర్లలో సగం ఇచ్చినా పూర్తయ్యే టైములో పెద్ద తేడా ఉండదు.

## 'డెబియన్/కెనానికల్-సర్ట్స్.పెమ్ తయారుచేసే రూల్ లేదు' అంటోంది.

ఉబుంటు బూట్ ఫోల్డర్లోని కాన్ఫిగ్‌ను కాపీ చేసుకున్నారు. అందులో ఉబుంటు సొంత సర్టిఫికెట్ దారి ఉంది, ఆ ఫైలు మామూలు సోర్సులో లేదు. ఈ రెండూ కొట్టి మళ్ళీ మేక్ చేయండి:

స్క్రిప్ట్స్/కాన్ఫిగ్ --డిజేబుల్ సిస్టమ్_ట్రస్టెడ్_కీస్
స్క్రిప్ట్స్/కాన్ఫిగ్ --డిజేబుల్ సిస్టమ్_రివొకేషన్_కీస్

ఆప్షన్ల పేర్లు పెద్ద అక్షరాలు.

## ఏమీ మార్చకపోయినా ఒక ఫైలు ప్రతిసారీ మళ్ళీ తయారవుతోంది. ఎలా పట్టుకోవాలి?

'మేక్ వీ=2'. తయారయ్యే ప్రతి ఫైలు పక్కన కారణం రాస్తుంది: ఫలానా ఫైలు మారిందనో, ఆదేశం మారిందనో, టార్గెట్ 'టార్గెట్స్' జాబితాలో లేదనో. ఈ చివరిది కొత్తగా మేక్‌ఫైల్ రాసేవాళ్ళ తప్పు. 'ఇఫ్_చేంజ్డ్' (ఏదైనా మారితేనే ఆదేశం నడిపేది) వాడిన రూల్‌కు రెండు షరతులున్నాయి. ఆధారాల్లో 'ఫోర్స్' ఉండాలి, టార్గెట్ పేరు 'టార్గెట్స్'లో చేరి ఉండాలి. రెండోది మరిచిపోతే దాని .సీఎండీ ఫైలును కేబిల్డ్ చదవదు, పాత ఆదేశం ఏమిటో తెలియదు, ప్రతిసారీ కొత్తదే అనుకుంటుంది. ఒకే టార్గెట్‌కు ఇఫ్_చేంజ్డ్ రెండుసార్లు వాడకూడదు, రెండో ఆదేశం మొదటిదాని రికార్డును చెరిపేస్తుంది.

## కొత్త టార్గెట్ రాశాను. దాని హెల్ప్ లైను ఎక్కడ పెట్టాలి?

టార్గెట్ ఎక్కడ పుట్టిందో అక్కడే. అందరికీ చెందినదైతే పైనున్న మేక్‌ఫైల్లోని 'హెల్ప్' రూల్‌లో. ఒక ఆర్కిటెక్చర్‌దైతే ఆర్చ్ ఫోల్డర్లోని దాని మేక్‌ఫైల్లో 'ఆర్చ్‌హెల్ప్'లో. కాన్ఫిగ్ టార్గెట్లవి స్క్రిప్ట్స్/కేకాన్ఫిగ్ మేక్‌ఫైల్లో, ప్యాకేజీలవి స్క్రిప్ట్స్/మేక్‌ఫైల్.ప్యాకేజ్‌లో, డాక్యుమెంటేషన్ టార్గెట్లవి డాక్యుమెంటేషన్/మేక్‌ఫైల్లో ఉన్నాయి.

ఫైలు తయారుచేయని టార్గెట్ అయితే 'ఫోనీ +=' లైనులో పేరు చేర్చాలి. లేకపోతే ఎవరో ఎప్పుడో అదే పేరుతో ఫైలు పెట్టిన రోజున టార్గెట్ నడవడం మానేస్తుంది. .కాన్ఫిగ్ లేకుండానే నడవాల్సినదైతే పై మేక్‌ఫైల్లోని 'నో-డాట్-కాన్ఫిగ్-టార్గెట్స్' జాబితాలో చేర్చండి. అది మరిచిపోతే అప్పుడే సోర్సు దించుకున్నవాళ్ళకు ఎర్రర్ వస్తుంది, మీ మెషీన్లో .కాన్ఫిగ్ ఉంటుంది కనుక మీకు రాదు.

రూల్ లోపలి లైన్లు ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. వాట్సాప్‌లోనో వర్డ్ ఫైల్లోనో తిరిగొచ్చిన మేక్‌ఫైల్ ముక్కలో ట్యాబ్ ఖాళీలైపోయి, కొటేషన్ గుర్తులు వంకరవై ఉంటాయి. 'మిస్సింగ్ సెపరేటర్' ఎర్రర్‌కు మూలం అక్కడే.

## హెల్ప్ లైను ఒక్కటి చాలదా? ఇంకా ఏం రాయాలి?

మాడ్యూల్స్_ప్రిపేర్‌ను తీసుకోండి. మేక్ హెల్ప్‌లో దాని గురించి ఉన్నది ఒక్క ముక్క: బయటి మాడ్యూళ్ళు కట్టడానికి సిద్ధం చేస్తుంది. అబద్ధం కాదు. కానీ అది చదివి, నడిపి, మాడ్యూల్ కట్టి, సింబల్ వెర్షన్లు కలవక దెబ్బతిన్నవాళ్ళు ఎందరో. అదే వివరంగా రాస్తే ఇలా ఉండాలి:

"బయటి మాడ్యూళ్ళకు కావలసిన హెడర్లు, సహాయక ప్రోగ్రాములు సిద్ధం చేస్తుంది. ముందు .కాన్ఫిగ్ ఉండాలి. కెర్నల్‌ను గానీ దాని మాడ్యూళ్ళను గానీ కట్టదు. మాడ్యూల్.సిమ్‌వర్స్ ఫైలు తయారుచేయదు. మాడ్‌వర్షన్స్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఇది సరిపోదు, పూర్తి బిల్డ్ చేయాలి. రూట్ అనుమతి అక్కర్లేదు."

ఇందులో పనికొచ్చే వాక్యాలు 'చేయదు' అని ముగిసేవే. ప్రతి టార్గెట్‌కూ ఇవి రాయండి: ముందుగా ఏం ఉండాలి, .కాన్ఫిగ్ అవసరమా, ఏ దారిలో ఏ ఫైలు రాస్తుంది, ఆ దారిని మార్చే వేరియబుల్ ఏది, దాని డిఫాల్ట్ ఎంత, ఉన్నవాటిలో దేన్ని తుడిచేస్తుంది, 'ఓ='తో నడుస్తుందా, రూట్ కావాలా. డిఫాల్ట్ దారి మరవొద్దు. ఇన్‌స్టాల్_మాడ్_పాత్ ఇవ్వకపోతే రాసేది నేరుగా మెషీన్ రూట్‌లోకి. ఇన్‌స్టాల్_హెచ్‌డీఆర్_పాత్ ఇవ్వకపోతే బిల్డ్ ఫోల్డర్లోని యూఎస్‌ఆర్‌లోకి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా, డిఫాల్ట్‌లో ఒకటి ప్రమాదం, ఒకటి కాదు.

రాసింది నిజమో కాదో మీ పాత ఫోల్డర్లో పరీక్షించకండి. కొత్తగా విప్పిన సోర్సులో నడిపి, టార్గెట్‌కు ముందూ వెనకా ఫైళ్ళ జాబితా తీసి 'డిఫ్' చూడండి. ఏం రాసింది, ఏం తీసేసింది అన్నది మీ జ్ఞాపకంకంటే ఆ జాబితా కచ్చితంగా చెబుతుంది. ఆ తర్వాత '-జె8'తో ఒకసారి, '-జె1'తో ఒకసారి నడపండి. ఒకదాంట్లో పాసై ఇంకోదాంట్లో ఫెయిలైతే ఆధారాలు సరిగా రాయలేదన్నమాట, డాక్యుమెంటేషన్‌కంటే ముందు రూల్ సరిచేయాలి.

## డాక్యుమెంటేషన్ ఫైలు మార్చాను. ఎలా సరిచూసుకుని పంపాలి?

కెర్నల్ డాక్యుమెంటేషన్ రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో ఉంటుంది, స్ఫింక్స్ దాన్ని పేజీలుగా మారుస్తుంది. మొత్తం కడితే చాలా సేపు పడుతుంది కనుక మీ ఫోల్డర్ మాత్రమే కట్టండి:

మేక్ స్ఫింక్స్‌డిర్స్=కేబిల్డ్ హెచ్‌టీఎంఎల్‌డాక్స్

ఫలితం డాక్యుమెంటేషన్/అవుట్‌పుట్‌లో వస్తుంది. మీ ఫైలు పేరుతో ఒక్క వార్నింగ్ కూడా ఉండకూడదు. ఎక్కువగా వచ్చేవి హెడింగ్ కింద గీత హెడింగ్‌కంటే పొట్టిగా ఉండటం, కొత్త ఫైలును ఇండెక్స్‌లో చేర్చకపోవడం.

తర్వాత గిట్ కమిట్, చివర '-ఎస్'తో మీ సంతకం లైను. కమిట్ సందేశంలో ఏం మార్చారన్నదానికంటే పాత వాక్యం ఎవరిని ఎలా తప్పుదారి పట్టించేదో రాయండి, చూసేవాళ్ళు ఒప్పుకునేది దాన్నిబట్టే. గిట్ ఫార్మాట్-ప్యాచ్‌తో ఫైలు తీసి, స్క్రిప్ట్స్/చెక్‌ప్యాచ్.పీఎల్ మీద నడిపి, స్క్రిప్ట్స్/గెట్_మెయింటెయినర్.పీఎల్ చెప్పిన చిరునామాలకు గిట్ సెండ్-ఈమెయిల్‌తో పంపండి. మామూలు మెయిల్ పెట్టెలో అంటించి పంపితే ట్యాబ్‌లు పోయి ప్యాచ్ అతకదు. వారం దాటినా జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయొచ్చు. మార్పులు అడిగితే సరిచేసి, సబ్జెక్టులో 'ప్యాచ్ వీ2' అని పెట్టి, ఏం మారిందో మూడు గీతల లైను కింద రాసి మళ్ళీ పంపాలి.